మూడో గొట్టం

నాకు కోపం ఎక్కువని ధర్మవరంలో మా వీధి వీధంతా చెప్తాది. చెప్పనీ. మగ్గం గుంతలో కాళ్ళు దిగేసుకోని దినానికి పది గంటలు కూచుంటే ఎవురికైనా కోపం వస్తాది. తెగిన పోగును అతికేటప్పుడు ఎవురన్నా పక్కన నిలబడి "ఏం చేస్తాండావు సరళా?" అంటే నేను ఊరుకోను. చేస్తాండేది కండ్లకు కనపడ్లేదా? మా ఆయన వెంకటేశులు నా పక్క మగ్గంలోనే నేస్తాడు. ఇరవై ఏండ్లుగా నా తిట్లు తింటా, నవ్వుకుంటా నేస్తాండాడు. ఆయప్పను అడిగితే మా సరళ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాది, ఒప్పుకునేది దాని జాతకంలోనే లేదంటాడు. ఆ మాట అబద్ధమని నేను చెప్పను.

నాకొక చెల్లెలు ఉండాది, జయంతి. నాకన్నా పదమూడేండ్లు చిన్నది. దానికి నాలుగేండ్లున్నప్పుడు అమ్మ పోయింది, ఆ పొద్దునుంచి నా దగ్గరే పెరిగింది. మగ్గం మోత వింటా నిద్రపోయిన పిల్ల, మగ్గం మోతలోనే ఎమ్మెస్సీ చదివింది. ఇప్పుడు నేను చెప్తాండేది రెండువేల ఏడో సంవత్సరం సంగతి. అప్పటికి అది కొత్తచెరువు అవతల గుట్టల్లో ఉండే పరిశోధనా కేంద్రంలో చేరి మూడేండ్లు అయిండె. ఆ గుట్టల్లో అంత పెద్ద కేంద్రం ఎందుకు కట్టినారని అడిగితే, ఆడ నేలంతా రాయి, రైలు లేదు, లారీలు లేవు, భూమి అదరదు, అట్లాంటి తావే వాళ్ళ మైక్రోస్కోపుకు కావాలని చెప్పింది. పంట పండని నేల దేనికో ఒకదానికి పనికొచ్చింది గదా అనుకున్నాను.

అది ఆడ చేసే పని ఏందో నాకు రెండేండ్లు తెలీదు. ఒక ఆదివారం ఇంటికొచ్చినప్పుడు నేనే అడిగితిని. "ఏమే, నువ్వు పొద్దస్తమానం ఆడ చేసేదేంది? వీధిలో అడుగుతాండారు. నాకు చెప్పనీకి రాక తిట్టి పంపిస్తాండాను."

అది నవ్వి, సంచిలోనుంచి చిన్న గాజు బుడ్డి తీసింది. నా అరచేయి పట్టమని, అందులోనుంచి ఒక చుక్క వేసింది. వెండి మాదిరి తళతళలాడే చుక్క. చేతిలో ఉలుకుతా ఉండాది.

"ఇది గాలియం అక్కా. లోహమే. చల్లటి గదిలో గట్టిగా ఉంటాది. మన ధర్మవరం ఎండకు పొయ్యి కూడా అక్కర్లేదు, ఊరికే కరిగిపోతాది."

"మన ఎండకు మనుషులే కరిగిపోతాండారు, ఇదెంత," అన్నాడు వెంకటేశులు పక్క గుంతలోనుంచి.

జయంతి నా మగ్గం పక్కన చుట్టలోనుంచి పట్టు ఒంటి పోగు ఒకటి లాగింది. పురుగు కక్కిన పోగు, వెలుతురుకు పడితే తప్ప కనపడదు. "ఈ పోగును నిలువునా మున్నూరు చీలికలు చేసినావనుకో. అందులో ఒక చీలిక అంత సన్న గొట్టాలు మేము చేస్తాము. బొగ్గుతో చేసినవి. కార్బన్ నానోట్యూబ్ అంటారు. లోపల బోలు. ఆ బోలులో ఈ లోహం ఉంటాది."

"అంత సన్నదాంట్లో ఎవురు పోసినారు దీన్ని?"

"ఎవురూ పోయలేదక్కా. పొయ్యిలో గొట్టమూ లోహమూ ఒకేసారి పుట్టేట్ల చేస్తాము. ఇప్పుడు ఆ గొట్టానికి ఈ కొసనుంచి ఆ కొసకు కరెంటు పంపాల. పంపితే లోపలుండే చుక్క జరగాల. కరెంటును తిరగేస్తే, మళ్ళా వచ్చిన దోవనే తిరిగి రావాల. మగ్గంలో నీ నాడె ఈ అంచునుంచి ఆ అంచుకు పోయి వచ్చినట్ల."

"జరిగితే ఏమొస్తాది?"

"కంటికి కనపడని తావులో, ఒక వస్తువును మనం అనుకున్నంత దూరం, అనుకున్న పక్కకు మోసుకపోయే బండి వస్తాది. ఇంతవరకు మన దేశంలో మా మాదిరి గొట్టంలో ఎవురూ జరిపి చూపలేదక్కా."

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ అది చెప్పేటప్పుడు దాని మొగం చూసినాను. మొదటిసారి మగ్గం మీద తానే అంచు తీసినప్పుడు ఎట్లుండెనో అట్లనే ఉండె. నాకు అది చాలు.

గొట్టాలు చేసేది కష్టం కాదంట. వాటిలో మంచిదొకటి ఏరి, గోరంత పలక మీద రెండు బంగారు గీతల నడిమి వంతెన మాదిరి పరిచి, రెండు కొసలూ అతికించేది కష్టమంట. ఎనిమిది నెలలు పట్టింది. వందల్లో మూడంటే మూడు కుదిరినాయి. పెద్ద మైక్రోస్కోపు వీళ్ళకు నెలకొక దినం ఇస్తారు. వీళ్ళ సార్ గంగాధరప్ప జూన్‌లో రిటైరవుతాండాడు. ఆయప్ప పోయినాక ఈ పనికి ఆడ దిక్కులేదు. మూడు గొట్టాల్లో ఒకదాంట్లోనన్నా చుక్క జరగకపోతే జయంతి మూడేండ్ల పని గాలికిపోయినట్లే, మళ్ళా కొత్త పని ఎత్తుకోని మొదటినుంచి రావాల. ఈ సంగతి దానికి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ నోరెత్తి అనుకోలేదు.

ఇంగ చీర సంగతి చెప్పాల. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండాది. పెద్ద పని మొదలుపెట్టే దినం మన మగ్గం గుడ్డ ఒంటి మీద ఉండాలని నాయన అంటాండె. చీర నేసేటోళ్ళకు చీర కట్టే యోగం ఉండదు, నేసిందంతా అంగడికి పోతాది. అందుకని మా ఇంట్లో జానెడు గుడ్డ దాచిపెట్టి రవిక కుట్టుకునేటోళ్ళం. జయంతి పదో తరగతి పరీక్షకూ అంతే, ఎమ్మెస్సీకీ అంతే. ఈసారి మాత్రం నేను రవికతో సరిపెట్టలేదు. రెండు నెలలు, అంగడి పని అయిపోయినాక దినానికి కొంచెం కొంచెంగా, దానికోసం ఒక నిండు చీర నేసినాను. వక్క రంగు, పసుపు అంచు. నేను పుట్టినప్పటినుంచి నేసిన చీరల్లో అంత బాగా వచ్చింది ఇంగొకటి లేదు.

ఫిబ్రవరిలో మొదటి గొట్టం. జయంతి ఆ చీర కట్టుకోని, తెల్లారుజామున బస్సెక్కి పోయింది. సాయంత్రం వచ్చింది, చెప్పులు విడవకుండా వాకిట్లోనే కూచుండె.

"కాలిపోయిందక్కా."

"కరెంటు ఎక్కువిచ్చినావా?"

"ఇయ్యనే లేదు. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే అప్పటికే గొట్టం నడిమికి తెగి ఉండాది. ముందు దినం చూసినప్పుడు బాగుండె."

నేనేమన్నానో చెప్పనా? "చీర అంచుకు పసుపు పెట్టకుండా కట్టుకున్నావు, అందుకే," అంటిని. అట్లాంటి నోరు నాది. మార్చిలో రెండో గొట్టం. నేనే అంచుకు పసుపు పెట్టి, నేనే కుచ్చిళ్ళు సరిచేసి, "పని అయ్యేదాంకా ఇది విప్పొద్దు, పైన ఆ తెల్లకోటు వేసుకుంటే వేసుకో," అని చెప్పి పంపిస్తిని. చెప్పినట్లే చేసింది. రెండో గొట్టమూ అట్లనే తెగింది. కరెంటు ఇయ్యకముందే, నడిమికి.

గంగాధరప్ప సార్ మంచోడే. తిట్టలేదు. "గొట్టం పలకను మైక్రోస్కోపులోకి తోసే చువ్వకు బిగించేటప్పుడు నీ చేయి వణుకుతాండాదేమో చూసుకోమ్మా," అన్నాడంట. అంతే. ఆ ఒక్క మాట పిల్లను తినేసింది. ఆదివారం ఇంటికొస్తే అన్నం ముద్ద చేతిలో పట్టుకోని వేళ్ళ పక్కే చూసుకుంటా కూచునేది. చిమటా అనే సన్న పట్టకారుతో బియ్యం గింజలు ఒకటొకటి ఎత్తి పెట్టేది, దించేది. ఒక గింజ జారితే మొగం వాడిపోయేది. "మన ఇంటి చేతులు వణకవు మే, నువ్వు మనసు పెట్టి చేయలేదు," అని నేను మీదినుంచి ఒకటి వేసినాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోట్లో బూడిద కొట్టాలనిపిస్తాది. మిగిలింది ఒకటే గొట్టం. దానికి ఏప్రిల్ ఇరవైనాలుగు అని తేదీ ఇచ్చినారు.

ఆ ఏప్రిల్‌లో మా వీధికి తొమ్మిది దినాలు కొళాయి రాలేదు. ట్యాంకరు వస్తే రెండు బిందెలు, రాకపోతే అదీ లేదు. మామూలుగా ఎండాకాలం మేము మగ్గం గుంతలో, చుట్టూ నేల మీద రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లుతాము. కిటికీకి తడి గోనెపట్ట కడతాము. తడి లేకపోతే పట్టు మాట వినదు. ఆ తొమ్మిది దినాలు తాగనీకే నీళ్ళు లేవు, నేలకు యాడ చల్లేది?

పట్టుకు పొగరెక్కింది. నిలువుగా పరిచిన పడుగు పోగులు ఒకదాన్నొకటి తోసుకోని దూరం దూరం నిలబడినాయి. చేయి దగ్గరికి తెస్తే లేచి చేతికి అతుక్కుంటాండాయి. తెగేవి తెగుతాండాయి. నేను నోటికొచ్చినట్ల తిట్టుకుంటా, మగ్గం పక్కనుండే ఇనుప కడ్డీ పట్టుకోనీకి చేయి చాపినాను. ముట్టుకోకముందే వేలి కొసన చురుక్కుమనింది. చిటుక్కని చప్పుడు కూడా వినపడింది.

"నీళ్ళు లేకపోతే పట్టు కూడా నీ మాదిరే అయితాది," అన్నాడు వెంకటేశులు.

మామూలుగా అయితే దానికి తగ్గ జవాబు ఇచ్చేదాన్ని. ఆ పొద్దు వేలిని చూసుకుంటా అట్లనే కూచుంటిని. ఎన్నేండ్లుగానో ఎండాకాలంలో ఈ చురుకు తగుల్తానే ఉండాది, దాన్ని గురించి ఎప్పుడన్నా ఆలోచించినానా? జయంతి గది గుర్తుకొచ్చింది. ఏసీ గది, తేమ చుక్క ఉండకూడదని అదే చెప్పిండె. ఆ గదిలో అది ఆరు గజాల పట్టుచీర కట్టుకోని, ప్లాస్టిక్ కుర్చీలో గంటలకొద్దీ అటు జరిగి ఇటు జరిగి, లేచి పోయి పోగులో మున్నూరో వంతు ఉండే గొట్టాన్ని బిగిస్తాది. పని చేసి కాయలు కాసిన నా వేలికే చురుక్కుమనిందే. ఆ గొట్టానికి ఏమయ్యింటాది?

నాడె కింద పెట్టి గుంతలోనుంచి లేచినాను.

అంత చదివినదానికి ఆ మాత్రం తట్టలేదా అని మీరు అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. తట్టింటాది, ఇంగేదైనా గుడ్డ అయింటే. ఆ చీర వాళ్ళక్క నేసింది. ఇంట్లో దేవుని దీపం మీద ఎవురికన్నా అనుమానం వస్తాదా?

ఇరవైరెండో తేదీ ఆదివారం అది ఇంటికొచ్చింది. నేను గుమ్మడికాయల దొంగ మాదిరి భుజాలు తడుముకుంటా దాని చుట్టూ తిరిగినాను.

"ఏమే, ఆ గదిలో నీకు ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంటాదా?"

"ఊ. వాకిలి గొళ్ళెం ముట్టుకుంటే అంటాది. ఏమక్కా?"

"ఏం లేదు. ఊరికే అడిగినా."

వంకాయలు తరుగుతా, ఏమీ ఎరగనట్ల అంటిని. "ఎల్లుండి నూలుచీర కట్టుకోపో. ఎండలు మండిపోతాండాయి. పట్టు ఉడుకు."

జయంతి నా పక్క చూసింది. "వద్దక్కా. నీ చీర లేకుండా నేను ఆ గదిలోకి అడుగు పెట్టలేను. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. నా దగ్గర మిగిలిన ధైర్యం అదొక్కటే."

వంకాయ, కత్తి రెండూ కింద పెట్టేసినాను. చెప్పకపోతే మూడో గొట్టం నా చీరలోనే కాలిపోతాది. చెప్పితే, రెండు గొట్టాలను కాల్చింది నేనని, వణికింది దాని చేయి కాదని, మనసు పెట్టలేదని దాన్ని ఏడిపించింది కూడా నేనేనని చెప్పినట్లు. వెంకటేశులు మగ్గం ఆపి నా పక్కే చూస్తాండాడు. ఆయప్పకు అంతకుముందే తెలిసిపోయిండాలి, మొగుడు గదా.

"నా చీరే కాల్చిందే," అంటిని. మెల్లగా చెప్పాలనుకుంటే పెద్దగా వచ్చింది, తిట్టినట్లే వచ్చింది. "రెండింటినీ నా చీరే కాల్చింది. తేమ లేని గదిలో పట్టుకు ఒళ్ళంతా కరెంటే. నువ్వు ఇచ్చే కరెంటు కన్నా ముందు నా చీర కరెంటు పోయింది గొట్టంలోకి. నీళ్ళు చల్లకపోతే మగ్గమే నాకు చెప్పింది ఆ సంగతి. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటాండాను, ఇంగ నన్ను ఏమంటావో అను."

జయంతి లేచి పెట్టెలోనుంచి చీర తెచ్చింది. ప్లాస్టిక్ కుర్చీకి వేసి నాలుగుసార్లు గట్టిగా రుద్ది, కింద రాలిన జరీ తునకల దగ్గరికి తీసుకపోయింది. తునకలన్నీ లేచి చీరకు అతుక్కున్నాయి. అది కొంచెంసేపు వాటిని చూసింది. దాని పెదాలు కదుల్తాండాయి, ఏదో లెక్క వేసుకుంటాండాదని తెలుస్తాండాది. నేను తిట్టు కోసం కాచుకోని నిలబడినాను.

"అక్కా," అనింది. "అంటే నా చేతులు బాగుండాయి."

అని తన రెండు చేతులు ముందుకు చాపి చూసుకోని, నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి. నెల దినాలుగా ఆ పిల్ల నవ్వింది చూడలేదు నేను. నాకు ఏడుపు రాలేదు, కడుపు నిండింది. దాన్ని దగ్గరికి తీసుకోని "పోవే పిచ్చిదానా, అన్నం తిను," అంటిని. రెండు ముద్దలు ఎక్కువే తినింది.

మంగళవారం పొద్దున్నే బయలుదేరేటప్పుడు అది మెత్తబడిన పాత నూలుచీర కట్టుకుండె. వాకిలి దాకా పోయి ఆగింది. "చీర బదులు నువ్వు రాక్కా," అనింది. మగ్గం మీద సగం చీర ఉండాది, అంగడాయప్ప కేకలేస్తాడు. "కేకలేస్తే నేను పడతాలే, పో," అన్నాడు వెంకటేశులు. నేనూ నూలుచీరతోనే బస్సెక్కినాను. ఎందుకైనా మంచిదని రెండు గోనెపట్టలు చుట్టి చంకలో పెట్టుకున్నాను. కొత్తచెరువులో దిగి, ఆటో పట్టుకోని గుట్టల్లోకి పోయినాము.

గంగాధరప్ప సార్ మడకశిర మనిషి. సన్నగా, పొడుగ్గా, ఖద్దరు చొక్కాతో ఉండాడు. కన్నడం కలిపి మాట్లాడతాడు. "బన్నిమ్మా, కూచో," అని నాకు స్టూలు వేసినాడు. జయంతి ఆయప్పతో అనింది. "సార్, గాలి పొడిగా ఉండి స్టాటిక్ కరెంటు వల్ల గొట్టాలు కాలినాయేమో అని అనుమానం. ఈసారి బిగించేటప్పుడు జాగ్రత్త పడదాం." చీర మాట ఎత్తలేదు. నేను నేల చూస్తా కూచుంటిని.

"నేను ముప్పై ఏండ్లుగా ఇట్లాంటి గదుల్లో బిగిస్తాండాను, నాకెప్పుడూ కాల్లేదే," అని సార్ ఆశ్చర్యపోయినాడు. అయినా గోడ మేకుకు ఊరికే వేలాడతాండే పట్టీ ఒకటి తీసి జయంతి మణికట్టుకు కట్టినాడు. దానికో తీగ, ఆ తీగ భూమిలోకి పోతాదంట. ఒంట్లో ఏమన్నా కరెంటుంటే నేలకు దిగిపోతాదంట. అట్లాంటిది గోడకు పెట్టుకోని ఇన్ని దినాలు వాడకపోతే ఏమనుకోవాల నేను? అనుకున్నది నోట్లోనే అదిమి పెట్టుకున్నాను.

మైక్రోస్కోపుండే గదికి తేమ పడదు. దాని ముందర గదిలోనే గొట్టం పలకను చువ్వకు బిగించుకోని పోతారు. ఆ ముందర గదిలో నా గోనెపట్టలు తడిపి కిటికీకి కట్టనిచ్చినాడు సార్. నీళ్ళు ధారగా వస్తాండె ఆడ కొళాయిలో. మిషన్‌ను చల్లబరచనీకి ప్రత్యేకంగా బోరు ఉండాదంట. ధర్మవరంలో మనుషులకు తొమ్మిది దినాలు లేని నీళ్ళు ఈడ మిషన్‌కు ఉండాయి. సరే, ఆ పొద్దు నేను మిషన్ పక్కే గదా, నోరు మూసుకోని పట్టలు తడిపినాను.

జయంతి పలకను చిమటాతో ఎత్తింది. బిగించింది. నేను దాని వేళ్ళ పక్కే చూస్తాండాను. తెగిన పడుగు పోగును అతికేటప్పుడు నా వేళ్ళు ఎట్లుంటాయో అట్లనే ఉండాయి. చువ్వను లోపలి గదికి తీసుకపోయి మిషన్‌లోకి తోసింది. గది చీకటి చేసినారు. తెర మీద ముందు బూడిద రంగు తప్ప ఏమీ లేదు. జయంతి మర తిప్పుతా తిప్పుతా పోయింది. రెండు నల్లటి గట్లు కనపడినాయి, అవే బంగారు గీతలంట, నడిమి సన్న గీత.

"ఉండాదమ్మా," అన్నాడు సార్ గొంతు తగ్గించి. "తెగలేదు."

గొట్టం నిండుగా ఉండాది. దాని లోపల, ఎడమ పక్క, నల్లగా ఒక చుక్క. తెర మీద చీమ తలకాయంత అనుకోండి. అది నా అరచేతిలో ఉలికిన లోహమే.

కరెంటు పెట్టినారు. దీపం ఒత్తిని కూడా వెచ్చబెట్టలేని కరెంటు అంట. చుక్క కదల్లేదు. కొంచెం పెంచినారు. కదల్లేదు. ఇంగ కొంచెం. అట్ల గంటసేపు. ఎక్కువైతే గొట్టం కాలిపోతాది, తక్కువైతే చుక్క జరగదు, నడిమి తావు యాడుండాదో ఎవురికీ తెలీదు. సార్ చొక్కా కొసతో అద్దాలు తుడుచుకుంటా, మళ్ళా పెట్టుకుంటా ఉండాడు. నేను స్టూలు అంచు పట్టుకోని కూచుంటిని. ఊపిరి గట్టిగా విడిస్తే కూడా ఏమన్నా అయితాదేమోనని భయం.

జయంతి మాత్రం తొందరపడలేదు. ఒక మెట్టు పెంచేది, కాచుకునేది, కాగితం మీద రాసేది, ఇంగో మెట్టు. దానికి అంత ఓర్పు యాడనుంచి వచ్చిందో, నా దగ్గర నేర్చింది మాత్రం కాదు.

చుక్క జరిగింది.

ముందు నేను నా కండ్లే చెదిరినాయనుకున్నాను. చుక్క కొస కొంచెం సాగింది. వెనక భాగం దాన్ని అందుకుంది. మెల్లగా, ఎవురో లోపలినుంచి తోస్తాండేట్ల, గొట్టంలో కుడిపక్కకు పోయింది. చివరిదాకా పోయి ఆగింది. 

"తిప్పమ్మా," అన్నాడు సార్.  "ఇప్పుడు తిరగేసి ఇయ్యి."

జయంతి కరెంటును తిరగేసింది. చుక్క క్షణంసేపు ఆలోచించింది, మళ్ళా బయలుదేరింది. వచ్చిన దోవనే ఎడమపక్కకు వచ్చింది. ఎంత పోయిండెనో అంతే వచ్చింది. ఒక పిసరు కూడా తగ్గినట్ల కనపడలేదు. మళ్ళా తిప్పింది, మళ్ళా పోయింది. తొమ్మిదిసార్లు పోయి వచ్చింది ఆ చుక్క. అన్నిసార్లూ ఫొటోలు తీసుకున్నారు. ఐదోసారి జయంతి నా పక్క తిరిగి "చూసినావా అక్కా," అనింది, చిన్నప్పుడు బొంగరం తిప్పి చూపించినట్ల. చూసినాను తల్లీ. నేను నేసిన ఏ చీరా నాకు అంత సంతోషం ఇయ్యలేదు.

సాయంత్రం నాలుగుకు దీపాలు వేసినారు. గంగాధరప్ప సార్ కుర్చీలో వెనక్కి వాలి కండ్లు మూసుకోని నవ్వుకుంటాండాడు. లేచి, పెద్ద పుస్తకం ఒకటి జయంతి ముందర పెట్టినాడు. ఆ మిషన్ మీద ఎవురేం చేసినా అందులో రాయాలంట. చాలా ఏండ్ల పుస్తకం, అట్టలు చినిగిపోయి ఉండాది.

"ఈ పొద్దుది రాయి. దాంతోపాటు ఆ రెండు గొట్టాలు ఎందుకు పోయినాయో కూడా రాయమ్మా. జరిగింది మాత్రమే రాస్తే వెనకొచ్చేటోళ్ళకు ఏం లాభం? చెడిపోయింది ఎట్ల చెడిపోయిందో రాస్తేనే వాళ్ళు బాగుపడేది."

జయంతి రాసింది. ఇంగ్లీషులో. నాకు చదవను రాదు.

"ఏం రాసినావు?" అంటిని.

"గాలి పొడిగా ఉండేదాని వల్ల గొట్టాలు కాలినాయని."

"అంతేనా?"

అది తలెత్తి, కండ్లతోనే గమ్మునుండమని సైగ చేసింది. నన్ను కాపాడతాండాది. నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం నాకు హాయిగా ఉండె. తప్పు గాలి మీదికి పోయింది, గాలికి పరువు లేదు, పంచాయతీ లేదు. ఎవురికీ తెలీదు. ఇంటికి పోయి మగ్గం ఎక్కొచ్చు.

అప్పుడే బయట వరండాలో ఎవురో ఆడపిల్లలు మాట్లాడుకుంటా పోయినారు. ఈడ చదివే పిల్లలే. ఒకామె పరికిణీ అంచు గరగర వినపడింది. ఆ పట్టు చప్పుడు నాకు నిద్రలో లేపి అడిగినా తెలుస్తాది.

"సార్," అంటిని లేచి నిలబడి. "అది గాలి తప్పు కాదు. మన జిల్లాలో గాలి ఎప్పుడు పొడిగా లేదు చెప్పండి. తప్పు నాది. ఈ పిల్ల రెండుసార్లూ నేను నేసిన పట్టుచీర కట్టుకోని వచ్చింది. కట్టుకోమని పంపించింది నేను. గొట్టాలను కాల్చింది ఆ చీర."

సార్ నా పక్క చూసినాడు, జయంతి పక్క చూసినాడు. కొంచెంసేపటికి తన ఖద్దరు చొక్కాను వేళ్ళతో పట్టుకోని చూసుకున్నాడు. "అయ్యో, ముప్పై ఏండ్లు నన్ను కాపాడింది ఈ నూలు చొక్కానా," అన్నాడు. "నా చేతి నైపుణ్యం అనుకోని బతికినానమ్మా ఇన్ని దినాలు. పాపం ఈ పిల్ల చేతిని అనుమానించినాను." అని జయంతితో "తప్పైపోయిందమ్మా" అన్నాడు. ఎంత పెద్దాయన, ఎంత సులభంగా అనేసినాడు ఆ మాట.

"కొట్టేసి సరిగ్గా రాయి మే," అంటిని జయంతితో. "రేపు ఈ ధర్మవరంనుంచే ఇంగొక పిల్ల వస్తాది ఈ గదిలోకి. ఆ పిల్లకూ ఒక అక్క ఉంటాది."

జయంతి రాసిన వరుసను కొట్టేసింది. కొత్తగా రాయబోయి ఆగింది. "పట్టుచీర వల్ల అని రాస్తానక్కా. పేరెందుకులే."

"పేరు రాయి. ధర్మవరం సరళ నేసిన పట్టుచీర అని రాయి. పేరు లేకపోతే చదివినోళ్ళు ఎవుర్నని తిట్టుకుంటారు?"

అది వంగి రాస్తాండాది. రాసేటప్పుడు దాని కంట్లోనుంచి చుక్కలు టపటపా పుస్తకం మీద పడతాండాయి. నేను కొంగుతో దాని మొగం తుడిచినాను.

"ఊరుకోవే. ఈ గదిలో తేమ పడదంట," అంటిని.